తొలి ప్రసంగంలో వివాదం మాట్లాడకూడదా?

కొత్తగా గెలిచిన సభ్యుడు సభలో మొదటిసారి లేచి ఘాటుగా మాట్లాడతాడు. ఎదుటి బెంచీల నుంచి కేకలు మొదలవుతాయి. సాయంత్రానికి టీవీల్లో అదే చర్చ. కొత్త ముఖాలు వచ్చిన ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఈ గొడవ రేగుతూనే ఉంది. తొలి ప్రసంగంలో వివాదాల జోలికి పోకూడదన్న ఆనవాయితీని వాళ్లే కాలదన్నారు, ఇక మేం మౌనంగా ఎందుకు కూర్చోవాలని ఒక పక్షం అంటుంది. తొలి ప్రసంగానికి అడ్డు తగలకూడదన్నదీ ఆనవాయితీయే కదా అని రెండో పక్షం అడుగుతుంది.

ఈ మర్యాదలు బ్రిటన్ పార్లమెంటు నుంచి వచ్చాయి. నియోజకవర్గాన్ని పరిచయం చేయడం, అంతకుముందున్న సభ్యుణ్ని నాలుగు మంచి మాటలతో తలచుకోవడం, తర్వాత మాట్లాడేవాళ్లు అభినందించడం అందరికీ తెలిసినవే. ఇవాళ్టి తగాదా అర్థం కావాలంటే మాత్రం 1969 ఏప్రిల్ 22కి వెళ్లాలి.

ఉత్తర ఐర్లండ్‌లోని మిడ్ అల్స్టర్ ఉప ఎన్నికలో ఆ నెల 17న గెలిచిన బెర్నడెట్ డెవ్లిన్ ఆ రోజే హౌస్ ఆఫ్ కామన్స్‌లో అడుగుపెట్టారు. బెల్‌ఫాస్ట్‌లో సైకాలజీ చదువుకుంటున్న అమ్మాయి. తెల్లవారితే ఆమెకు 22 ఏళ్లు నిండుతాయి. సభలో చర్చ ఉత్తర ఐర్లండ్ మీదే. కొద్ది రోజుల ముందే డెర్రీ నగరంలోని క్యాథలిక్కుల పేట బాగ్‌సైడ్ పోలీసులతో ఘర్షణల్లో అట్టుడికిపోయింది. ఆమె ప్రమాణం చేశారు, అదే రోజు మాట్లాడటానికి లేచారు.

వచ్చిన రోజే, అదీ వివాదం మీద మాట్లాడటం సభ సంప్రదాయానికి విరుద్ధమని తెలుసని ముందే చెప్పారు. తన ప్రజల పరిస్థితి అలా ఉంది కాబట్టే ఆ పని చేస్తున్నానన్నారు. తనకు ముందు మాట్లాడిన లండన్‌డెర్రీ (డెర్రీకే మరో పేరు) సభ్యుడు చిచెస్టర్-క్లార్క్ వైపు తిరిగి, మీరు బాగ్‌సైడ్‌లో ఉన్న రాత్రి నేనూ అక్కడే ఉన్నానని గుర్తుచేశారు. ఆ ఒక్క మాటతో చర్చ నివేదికల నుంచి వీధిలోకి వచ్చేసింది. సైన్యాన్ని పంపితే అక్కడ నిలబడే సైనికుడికి తల్లిగానో తోబుట్టువుగానో ఉండాలని తాను కోరుకోనన్నారు. ఆగస్టు 14న సైన్యం డెర్రీ వీధుల్లోకి దిగింది. ఆ సైనిక చర్య 2007లో గానీ ముగియలేదు.

సభ ఆమె మాట విన్నది. 1906లో సంచలనం రేపిన కన్సర్వేటివ్ నేత ఎఫ్.ఇ. స్మిత్ తొలి ప్రసంగంతో దాన్ని పోల్చినవాళ్లు ఆమె రాజకీయాలతో పొసగని కన్సర్వేటివ్ పార్టీ బెంచీల్లోనే ఉన్నారు.

నా దృష్టిలో మలుపు ఇదే. సున్నితంగా మాట్లాడితేనే మౌనంగా వింటామన్న షరతు ఆ రోజు తెగిపోయింది. ఆమె మర్యాద కోసం ఆగి, తర్వాతెప్పుడో అసలు సంగతి ఎత్తుకుని ఉంటే ఆ చర్చే ముగిసిపోయేది. జనం ఆమెను పంపిందే ఆ సంగతి చెప్పడానికి. కొత్త సభ్యుడికి సభ లోపలి ఎత్తులు ఇంకా తెలియవు, కేకల మధ్య మాట నిలబెట్టుకునే అలవాటు ఉండదు. మౌనం అతనికి అందుకే అవసరం, చెప్పేది చేదుగా ఉన్నప్పుడు మరీ అవసరం.

పైగా ఈ మర్యాద అనాదిగా ఉన్నదేమీ కాదు. 1837 డిసెంబర్ 7న, తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన డిజ్రేలీ తొలిసారి మాట్లాడితే నవ్వులు, కేకలతో ముంచేశారు. మీరు నా మాట వినే రోజొకటి వస్తుందని చెప్పి ఆయన కూర్చున్నారు. వివాదం వద్దన్న నియమం కూడా ఎప్పుడూ గట్టిగా నిలవలేదు. 1935లో రచయిత ఎ.పి. హెర్బర్ట్ అదే సభలో అడుగుపెట్టీ పెట్టకముందే విడాకుల చట్టం మార్చాలని లేచారు. 1937లో ఆ చట్టం మారింది.

మన లోక్‌సభలో 2019 జూన్ 25న జరిగిందీ ఇదే కోవలోకి వస్తుంది. రాష్ట్రపతి ప్రసంగానికి ధన్యవాదాలు తెలిపే తీర్మానంపై తృణమూల్ కాంగ్రెస్ సభ్యురాలు మహువా మొయిత్రా తొలిసారి మాట్లాడుతూ ఫాసిజానికి ఏడు తొలి గుర్తులంటూ ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. అధికార పక్షం నుంచి అరుపులు వస్తే, సభను అదుపులో పెట్టండని స్పీకర్‌ను అడగాల్సి వచ్చింది. అంత తీవ్రమైన ఆరోపణ విని ఊరుకోవడం కష్టమేనన్న మాటనూ కొట్టిపారేయలేం. కానీ జవాబు చెప్పే వంతు వాళ్లకూ వస్తుంది. ఆమెకు మాత్రం తొలి ప్రసంగం మళ్లీ రాదు.

ఈ స్వేచ్ఛను ద్వేషానికి వాడితే ఏం చేయాలి? ఈ ప్రశ్న న్యాయమైనదే. 2018 ఆగస్టు 14న ఆస్ట్రేలియా సెనేట్‌లో ఫ్రేజర్ యానింగ్ తన తొలి ప్రసంగంలో ముస్లింల వలసను ఆపాలన్నారు. వలసల సమస్యకు ప్రజాభిప్రాయ సేకరణే 'అంతిమ పరిష్కారం' అన్నారు. యూదుల సామూహిక హత్యకు నాజీలు పెట్టుకున్న పేరది. ప్రసంగం అయ్యాక కొందరు సెనేటర్లు ఆనవాయితీ ప్రకారం వెళ్లి కరచాలనం చేశారు, దానికి తర్వాత సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. మర్నాడు అధికార, ప్రతిపక్షాలు కలిసి ఆ మాటలను ఖండించాయి. ప్రసంగం మధ్యలో కేకలు వేసి కాదు, మరుసటి రోజు తీర్మానం పెట్టి.