గులకరాళ్లలో వేడి నడక

గులకరాళ్ల పొర గుండా వేడిగాలిని పంపితే, అందులోని వేడంతా రాళ్లు లాగేసుకోవడానికి ఎంత లోతు కావాలి? ఒక పాఠకుడి ప్రశ్న ఇది. మీటర్లు కావాలనిపిస్తుంది గానీ, లెక్క వేస్తే సెంటీమీటర్లలోనే తేలుతుంది!

2 సెం.మీ. గుండ్రటి రాళ్లు తీసుకుందాం. మధ్యలో 40 శాతం ఖాళీ పోయినా, ఘనమీటరు పొరలో రాళ్ల ఉపరితలం 180 చదరపు మీటర్లు ఉంటుంది. వేడికి అడ్డుపడేది రాతిని అంటుకుని ఉండే పలచటి గాలి పొర. గాలి రాయి రాయికీ చీలి మళ్లీ కలుస్తుంటే ఆ పొర అడుగడుగునా తెగిపోతూ ఉంటుంది. రాళ్లు లేని గొట్టంలో సెకనుకు 20 సెం.మీ. వేగంతో వచ్చే గాలికి ఇక్కడ రేనాల్డ్స్ సంఖ్య (గాలి జోరును దాని జిగటతో పోల్చే కొలమానం) దాదాపు 250. ఇలాంటి పొరలకు పరిశోధకుడు వకావో ఇచ్చిన సూత్రంతో నుసెల్ట్ సంఖ్య (గాలి నుంచి రాతికి వేడి ఎంత జోరుగా చేరుతుందో చెప్పేది) 29 వస్తుంది. అంటే గాలికీ రాతికీ మధ్య ఒక్కో డిగ్రీ తేడాకు, రాతి ఉపరితలం చదరపు మీటరుకు 38 వాట్ల వేడి చేరుతుంది; దీన్నే ఉష్ణ బదిలీ గుణకం అంటారు. ఫలితంగా ప్రతి మూడున్నర సెం.మీ.కూ గాలికీ రాతికీ మధ్య తేడా 37 శాతానికి పడిపోతుంది. పదిన్నర సెం.మీ. దాటేసరికి మిగిలేది 5 శాతమే.

మరి లోతైన పొరలు ఎందుకు కడతారు? వేడిని నిలవ చేయడానికి. ముందున్న రాళ్లు వేడెక్కిపోయాక ఇచ్చిపుచ్చుకోవడం వెనక రాళ్ల దగ్గరికి జరుగుతుంది. రాళ్ల పొరకు అదే ఘనపరిమాణపు గాలికన్నా సుమారు వెయ్యి రెట్ల ఉష్ణధారణ శక్తి ఉంది. కాబట్టి ఇరుకు సందుల్లో వేగం పెరిగిన గాలి 2 సెకన్లలో దాటే (ఖాళీ గొట్టంలో అయితే 5 సెకన్లు) మీటరు దూరాన్ని వేడి అంచు, అంటే వేడెక్కిన రాళ్లకూ చల్లటి రాళ్లకూ మధ్య హద్దు, దాటడానికి గంటన్నర పడుతుంది! వేడి అంచు నడకకు 1929లో షూమన్ అనే పరిశోధకుడు గణిత రూపమిచ్చాడు. మూడు గంటలు వేడి పట్టాలంటే రెండు మీటర్ల లోతు, దానిపైన అంచు మందానికి కొంత అదనంగా కావాలి. ముందుకు పోయేకొద్దీ ఆ అంచు వెడల్పవుతుంది కూడా.

1 సెం.మీ. రాళ్లు వాడితే, తేడా 37 శాతానికి పడిపోయే ఆ మూడున్నర సెం.మీ. దూరం కాస్తా 1.3 సెం.మీ.కి తగ్గుతుంది. కానీ రాళ్ల పొరలో గాలి ఒత్తిడి ఎంత తగ్గుతుందో చెప్పే ఎర్గున్ సమీకరణం (1952) ప్రకారం పీడన నష్టం మీటరుకు 46 పాస్కల్స్ నుంచి 108కి పెరుగుతుంది. ఆ భారం గాలిని నెట్టే బ్లోయర్ మీద పడుతుంది.

పాఠాలు చెప్పేటప్పుడు ఒక తేడా గట్టిగా నొక్కి చెప్పాలి. గాలి నుంచి రాతికి వేడి చేరే గుణకం వేరు, పొర నుంచి గొట్టం గోడకు చేరే గుణకం వేరు. ఒకదాని సూత్రం ఇంకోదానికి వాడితే డిజైన్ మొత్తం తప్పుతుంది. ఇంకో చిక్కు: మెల్లటి ప్రవాహంలో పాత కొలతలు నుసెల్ట్ సంఖ్యను 2 కన్నా చాలా తక్కువగా చూపించాయి. ఒంటరి గోళం చుట్టూ కదలని గాలి ఉన్నా 2 రావాలి కదా! ప్రవాహ దిశలో వేడి ముందుకూ వెనక్కూ వ్యాపించడాన్ని లెక్కలో వదిలేయడమే కారణమని వకావో చూపించాడు.

రాళ్లను జల్లెడ పట్టి ఒకే సైజువి పోయాలి. చిన్న రాళ్లు, రాతి పొడి కలిస్తే ఖాళీలు పూడి పీడన నష్టం అమాంతం పెరుగుతుంది. గోడ పక్కన రాళ్లు ఒత్తుగా కూర్చోవు, గాలి ఆ సందులోంచి జారుకుంటుంది. అందుకే గొట్టం వ్యాసం రాతి వ్యాసానికి కనీసం 10 రెట్లు ఉండాలంటారు. ఒకే లోతులో నడిమధ్య ఒకటి, గోడ పక్కన ఒకటి థర్మోకపుల్స్ (ఉష్ణోగ్రత కొలిచే తీగలు) పెట్టండి. గోడ పక్కది బాగా ముందే వేడెక్కితే గాలి పక్కదారి పడుతున్నట్టే.