కెన్యాలో మిషనరీ పని: నల్లగొండలో వినే అపోహలు, అసలు వాస్తవాలు

నేను నర్సుని, క్యాథలిక్ మఠకన్యని. మాది మునుగోడు వైపు పల్లె. కెన్యాలో నకురు పట్టణం చుట్టుపక్కల డిస్పెన్సరీల్లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చాను. ఇప్పుడు నల్లగొండలో ఉండి, మా సభలో, అంటే మా సిస్టర్ల సంఘంలో, చేరే అమ్మాయిలకు శిక్షణ ఇస్తున్నాను. ఏ విచారణకు, అంటే ఒక ఫాదర్ చూసుకునే చర్చి పరిధికి, వెళ్లినా పూజ అయ్యాక జనం చుట్టూ చేరి కెన్యా గురించి అడుగుతారు. ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ అవే. కొన్నింటికి నవ్వొస్తుంది. కొన్నింటికి మాత్రం నిలబడి సరిగ్గా జవాబు చెప్పాలి. అవన్నీ ఒకచోట రాస్తే మేలనిపించింది. క్రైస్తవులు కానివాళ్లు కూడా చదువుతారని తెలిసే రాస్తున్నాను.

అపోహ: "మీకేంది సిస్టరమ్మా, డాలర్లల్ల జీతం వస్తది!"

కెన్యాలో నడిచేది డాలర్ కాదు, షిల్లింగ్. అది పక్కన పెడితే, మఠవాసులం పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలు తీసుకుంటాం. మా కష్టంతో వచ్చిన జీతమైనా, తర్వాత వచ్చే పెన్షనైనా సభకే చెందుతుందని శ్రీసభ (క్యాథలిక్ చర్చి) చట్టం 668వ నిబంధన చెబుతుంది. నర్సుగా నా పేరు మీద జీతం రాసినా అది మఠం ఖాతాలోకే పోయేది. చెప్పులు తెగితే మఠం పెద్ద అయిన సుపీరియర్‌ని అడిగి కొనుక్కోవాలి, బిల్లు తెచ్చివ్వాలి.

మేత్రాసనానికి, అంటే ఒక పీఠాధిపతి (బిషప్) కింద ఉండే ప్రాంతానికి, చెందిన ఫాదర్ల సంగతి వేరు. వాళ్లు పేదరికం వ్రతం తీసుకోరు, సొంత ఆస్తి ఉండొచ్చు. 1957లో పన్నెండో పయస్ పోపు ఆఫ్రికాకు ఫాదర్లను పంపమని లోకంలోని పీఠాధిపతులందరినీ కోరారు. మఠాల్లో లేని ఫాదర్లు కూడా కొన్నేళ్ల ఒప్పందం మీద వెళ్లిరావడానికి అప్పుడు దారి ఏర్పడింది. వాళ్లకూ సాఫ్ట్‌వేర్ జీతాలేమీ రావు.

పనిలో పనిగా ఒక హెచ్చరిక. "చర్చి వీసా ఇప్పిస్తాం, నర్సు ఉద్యోగం, లక్షన్నర కట్టండి" అని ఎవరైనా అంటే ఆ మనిషికి దండం పెట్టి బయటికి పంపండి. మఠంలో చేరడానికి కన్సల్టెన్సీ ఫీజు ఉండదు. మెడలో సిలువ ఉన్నంత మాత్రాన ఏజెంట్ మిషనరీ అయిపోడు.

అపోహ: "సేవ అంతా పైకే, అసలు పని మతం మార్చుడు"

ఈ మాట ఇక్కడ టీకొట్టు దగ్గర కూడా వింటాను, కాబట్టి దాటవేయను. సువార్త ప్రకటించడం మా పిలుపులో భాగమే. కాదంటే అబద్ధమవుతుంది. అసలు అడగాల్సింది వేరే ఉంది: మందుగోళీ ఇచ్చి బదులుగా మతం అడుగుతామా?

1965 డిసెంబరు 7న లోకంలోని పీఠాధిపతులు కూడిన రెండో వాటికన్ మహాసభ మిషన్ పని మీద ఒక పత్రం, మత స్వేచ్ఛ మీద ఇంకో పత్రం ఒకేరోజు వెలువరించింది. బలవంతపెట్టి గానీ, ఆశచూపి గానీ, మాయమాటలతో గానీ ఎవరినీ విశ్వాసంలోకి లాగకూడదని మిషన్ పత్రం 13వ పేరా కచ్చితంగా నిషేధిస్తుంది. పెద్దవాళ్లు జ్ఞానస్నానం (బాప్తిస్మం) కావాలని వాళ్లంతట వాళ్లు వచ్చినా వెంటనే ఇవ్వరు. నెలల తరబడి, చాలాచోట్ల ఏడాదికి పైగా ఉపదేశం ఉంటుంది. జ్వరంతో క్యూలో నిలబడ్డ మనిషికి అంత ఓపిక ఎక్కడిది?

పైగా కెన్యాలో జనం ఎక్కువమంది ఇప్పటికే క్రైస్తవులు. అందులో క్యాథలిక్కులు మొత్తం జనాభాలో సుమారు అయిదో వంతు. మా డిస్పెన్సరీకి పెంతెకోస్తు వాళ్లు, ముస్లింలు, ఏ గుడికీ పోనివాళ్లు అందరూ వచ్చేవాళ్లు. బీపీ చూడటానికి మతంతో పనిలేదు కాబట్టి మా రిజిస్టర్‌లో ఆ కాలమే లేదు. బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లికి యేసు ఎవరో నేను కొత్తగా చెప్పాల్సిన అవసరమూ లేదు. ఆమెకు వచ్చినన్ని పాటలు నాకే రావు.

పాతకాలంలో అంతా ఇలాగే ఉందని మాత్రం అనను. తెల్లదొరల పాలనలో మిషన్ బడి, దొర ఆఫీసు పక్కపక్కనే నడిచిన చరిత్ర ఆఫ్రికాలో ఉంది. దాని గురించి కెన్యా ఫాదర్లే మాకంటే ఘాటుగా మాట్లాడతారు. మాట్లాడాలి కూడా.

అపోహ: "పాపం, ఆఫ్రికావాళ్లకు ఏం తెల్వదు, మనం పోయి నేర్పియ్యాలె"

ఈ ఒక్కదానికి నాకు నిజంగానే కోపం వస్తుంది.

పక్కనున్న టాంజానియాలో లారియన్ రుగాంబ్వా 1960లోనే కార్డినల్ (పోపు తర్వాతి స్థాయి) అయ్యారు. తెలుగువాళ్లలో మొట్టమొదటి కార్డినల్ హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు, 2022లో. మధ్యలో అరవై రెండేళ్లు! ఉగాండాలో విశ్వాసం కోసం 1886లో ప్రాణాలిచ్చిన చార్లెస్ ల్వాంగా, ఆయన తోటివాళ్లను 1964లోనే పునీతులుగా (సెయింట్లుగా) ప్రకటించారు. ఇక్కడ ఎవరు ఎవరికి నేర్పాలి?

విశ్వాసం సంగతి అలా ఉంచి డబ్బు సంగతికి వద్దాం. కెన్యాలో ఫోన్‌తో డబ్బు పంపే ఎం-పేసా 2007లో వచ్చింది. మామూలు బటన్ ఫోన్‌తో కూరగాయలమ్మే ముసలమ్మకు డబ్బు పంపొచ్చు. మనకు యూపీఐ వచ్చింది 2016లో. నేను వెళ్లిన కొత్తలో జేబులో నోట్లు పెట్టుకు తిరుగుతుంటే అక్కడి సిస్టర్లు నవ్వేవాళ్లు.

మనకూ మిషనరీలు బయటినుంచే వచ్చారు. ఇటలీలోని మిలాన్ నుంచి 1850లలోనే నిజాం రాజ్యానికి ఫాదర్లు వచ్చారు. నల్లగొండ మేత్రాసనమైంది 1976లో. ఇప్పుడు మనవాళ్లు బయటికి పోతున్నారంటే అక్కడివాళ్లకంటే మనం గొప్పవాళ్లమైపోయామని కాదు. అక్కడి పీఠాధిపతి అడిగితేనే వెళ్తాం, ఆయన కింద పనిచేస్తాం. మా డిస్పెన్సరీ ఇన్‌చార్జి కెన్యా సిస్టర్. సెలవు కావాలంటే ఆమెనే అడిగేదాన్ని.

అపోహ: "మిగిలిన మందులు, పాత బట్టలు పంపిస్తం, పేదోళ్లకు పంచుండ్రి"

మంచి మనసుతోనే అంటారు. కానీ దయచేసి పంపొద్దు. దానంగా వచ్చే మందులకు చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని, ఒక రోగికి ఇచ్చి మిగిలిపోయినవి ఇంకొకరికి పంపకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఉన్నాయి. మా డిస్పెన్సరీకి మందులు నైరోబిలోని మెడ్స్ నుంచి వచ్చేవి. క్యాథలిక్ సంఘం, మిగతా క్రైస్తవ ఆసుపత్రుల సంఘం కలిసి 1986లో పెట్టుకున్న సంస్థ అది. నాణ్యత పరీక్ష చేసి, తక్కువ ధరకు మిషన్ ఆసుపత్రులకు అమ్ముతుంది. సగం తిన్న స్ట్రిప్పులతో నిండిన సూట్‌కేసు మాకు పారేయడానికి తప్ప పనికిరాదు.

బట్టలా? మితుంబా అని అక్కడ పాత బట్టల బజార్లే ఉన్నాయి, గుట్టలు గుట్టలుగా. ఇంకో మూట అక్కర్లేదు.

ఇవ్వాలనుకుంటే అక్టోబరు నెల చివరి ఆదివారానికి ముందు ఆదివారం చర్చిలో కానుకల పళ్లెంలో వెయ్యండి. 1926 నుంచి లోకమంతా జరుగుతున్న మిషన్ ఆదివారం అది. ఆ రోజు కానుక రోములోని ఉమ్మడి నిధికి లెక్కవుతుంది. నల్లగొండ జిల్లా కూలితల్లి వేసే పది రూపాయలు, కెన్యా రైతు వేసే షిల్లింగులు అన్నీ అందులోవే. పేదదేశాలు తీసుకోవడమే తప్ప ఇవ్వవని అనుకునేవాళ్లు ఆ పళ్లేన్ని చూడలేదు. ఇక బయటినుంచి మన దేశంలోకి వచ్చే విరాళాల మీద చట్టం గట్టిగానే ఉంది. 2020 సవరణ తర్వాత ఏ సంస్థకు వచ్చినా మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి, ఏటా లెక్క చూపాలి. మూటలు కట్టి పంచే కాలం కాదిది.

అపోహ: "నల్లగొండామె పోయి వాళ్లకేం చేస్తది? మన నీళ్లకే దిక్కు లేకపాయె"

దీనికి జవాబు చెప్పడమంటే నాకు ఇష్టం.

నకురు ఉన్నది రిఫ్ట్ లోయలో. అక్కడి రాళ్లు అగ్నిపర్వతాల నుంచి వచ్చినవి, భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. మన దగ్గర గ్రానైట్ నుంచి దిగుతుంది, అక్కడ లావా రాళ్ల నుంచి. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. రెండుచోట్లా చాలా బోర్లు దాన్ని ఎప్పుడో దాటేశాయి. డిస్పెన్సరీలో పిల్లలు నోరు తెరిస్తే పళ్ల మీద గోధుమరంగు చారలు కనిపించేవి. మన జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి వైపు తిరిగినవాళ్లకు ఆ పళ్లను ఎవరూ పరిచయం చేయక్కర్లేదు.

ఇంకో విశేషం. మాది నల్లగొండ అంటే అక్కడి నీళ్ల ఇంజనీర్లకు వెంటనే అర్థమయ్యేది. ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ తయారుచేసిన పద్ధతికి ప్రపంచమంతటా "నల్లగొండ టెక్నిక్" అనే పేరు. నీళ్లలో పటిక, సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడర్ వేసి మొదట జోరుగా, తర్వాత మెల్లగా కలపాలి. ఫ్లోరైడ్‌ని పట్టుకుని మడ్డి అడుక్కి దిగుతుంది, పైన తేటనీళ్లు తీసుకోవాలి. దీన్ని కెన్యా, టాంజానియా, ఇథియోపియాల్లోనూ ప్రయత్నించారు.

చెప్పడానికి ఇంతే. నడపడం దగ్గరే చిక్కంతా. పటిక ఎంత వెయ్యాలనేది ఆ నీటిలో ఫ్లోరైడ్ ఎంత, క్షారం ఎంత అన్నదాన్ని బట్టి మారుతుంది. తక్కువైతే ఫ్లోరైడ్ మిగులుతుంది, ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. ఆ మడ్డిని బావి పక్కనే పారబోస్తే తీసిన ఫ్లోరైడ్ మళ్లీ అక్కడికే. రోజూ కొలిచి కలిపే మనిషి లేకపోతే యంత్రం తుప్పు పడుతుంది. మన పల్లెల్లో మూలపడ్డ ఫ్లోరైడ్ ప్లాంట్లు చూసినదాన్ని కాబట్టి, ఎక్కడైనా కొత్త ప్లాంటు మాట వస్తే నేను మొదట అడిగేది "ఆపరేటర్ జీతం ఎవరిస్తారు?" అని. నల్లగొండ నుంచి నేను పట్టుకుపోయిన పనికొచ్చే జ్ఞానం అదే.

నకురు క్యాథలిక్ మేత్రాసనం వాళ్లు ఇంకో దారి పట్టారు. పశువుల ఎముకలను బట్టీలో కాల్చి, దంచి, ఆ బొగ్గును ఫిల్టర్లలో నింపుతారు. ఎముకలోని ఖనిజం ఫ్లోరైడ్‌ని లాక్కుంటుంది. కొన్నాళ్లకు ఆ బొగ్గు శక్తి తగ్గుతుంది కాబట్టి నీళ్లు పరీక్షిస్తూ మార్చుకోవాలి. మాంసం తినే సమాజం, ఎముకలు చవక, కాబట్టి అక్కడ నడిచింది. ఇదే మన పల్లెకు తెచ్చి "పశువుల ఎముకల్లోంచి వచ్చిన నీళ్లు తాగండి" అంటే నన్ను ఊరి పొలిమేర దాకా సాగనంపుతారు, అందులో తప్పేమీ లేదు. మన దగ్గర కృష్ణా నీళ్లు పైపుల్లో రావడమే సరైన దారి. అక్కడ చాలా ఇళ్లకు రేకుల కప్పు మీది వాననీళ్లు పట్టుకోవడం మంచి దారి, వానలో ఫ్లోరైడ్ ఉండదు.

రెండు దేశాల్లోనూ నేను విన్న ఒక అపోహ కూడా ఇక్కడే చెప్పేస్తాను: నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోతుందని. పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. క్రిములకైతే మరగబెట్టండి, ఫ్లోరైడ్‌కు అది మందు కాదు.

అపోహ: "దేవుని పని మీద పోయేటోళ్లకు రోగాలు రావు"

వస్తాయి. కెన్యా వెళ్లాలంటే ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో వేస్తారు, ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది. కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి క్వారంటైన్‌లో పెట్టొచ్చు. విక్టోరియా సరస్సు వైపు మలేరియా ఎక్కువ, దోమతెర లేకుండా పడుకోవద్దు. నకురు 1,800 మీటర్లకు పైన ఉంటుంది కాబట్టి అక్కడ మలేరియా తక్కువ, చలి ఎక్కువ. ఆఫ్రికా అంటే ఎండలని పల్చటి చీరలే పెట్టుకుపోయే మన అమ్మాయిలు అక్కడికి చేరగానే స్వెట్టర్ కోసం వెతుక్కుంటారు.

అపోహ: "మఠంల జేరితే ఇగ బయటికి రానియ్యరు, దేశాలు దాటిస్తరు"

అమ్మానాన్నల భయం ఇది, తీసిపారేయను. పదిహేడేళ్లు నిండకుండా నొవిషియేట్‌లో, అంటే వ్రతాలకు ముందు ఉండే శిక్షణలో, తీసుకోకూడదు. నొవిషియేట్ కనీసం పన్నెండు నెలలు. తర్వాత తాత్కాలిక వ్రతాలు కనీసం మూడేళ్లు. ఆ గడువు అయ్యాక ఇష్టం లేకపోతే ఇంటికి వెళ్లిపోవచ్చు, ఎవరూ ఆపరు. మా సభలో విదేశానికి ఎవరిని పంపాలన్నా ముందు వాళ్లనే అడుగుతారు, ఇంట్లో తల్లిదండ్రుల ఆరోగ్యం కూడా చూస్తారు.

అపోహ: "సెలవుల్లో నెల రోజులు వచ్చి సేవ చేసి వస్తాం సిస్టర్"

కాలేజీ పిల్లలు అడుగుతారు, ముద్దుగానే ఉంటుంది. కానీ జీతం లేని పనికైనా కెన్యా ప్రభుత్వ అనుమతి కావాలి. నర్సు అయితే అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అవ్వాలి. నేనూ ఆ కాగితాలు వచ్చేదాకా సూది ముట్టుకోలేదు, స్వాహిలీ క్లాసుల్లో కూర్చున్నాను. అనాథ పిల్లల ఇళ్లకు నెలకొకరు వచ్చి, ఎత్తుకుని, ఫొటోలు దిగి వెళ్లిపోతే ఆ పిల్లలు ప్రతిసారీ ఏడుస్తారు.

ల్యాబ్ టెక్నీషియన్లు, ఆసుపత్రి పరికరాలు బాగుచేసేవాళ్లు, అకౌంట్లు సరిగ్గా రాయగలిగేవాళ్లు మాత్రం మాకు నిజంగా కావాలి. కనీసం రెండేళ్లు ఉండగలగాలి, మొదటి నెలలు భాష నేర్చుకోవడానికే ఇవ్వాలి, కెన్యావాళ్ల కింద పనిచేయడానికి నామోషీ పడకూడదు. దానికి సిద్ధమైతే మీ విచారణ ఫాదర్‌గారితో మాట్లాడి, సర్టిఫికెట్లు పట్టుకుని రండి. పాస్‌పోర్టు లేకపోతే ముందు దానికి అప్లై చేయండి.