ఎదిగే మెదడులో నికోటిన్

పొగాకు మొక్క నికోటిన్‌ను తయారుచేసుకునేది మనకోసం కాదు. వేళ్లలో పుట్టి కాండం గుండా ఆకులకు చేరే ఈ పదార్థం, ఆకును కొరికే పురుగుల నాడీవ్యవస్థను దెబ్బతీయడానికి ఆ మొక్క సమకూర్చుకున్న విషం. ఒకప్పుడు దీనినే పంటలపై పురుగుమందుగా చల్లేవారు. ప్రకాశం జిల్లాలో వర్జీనియా పొగాకు వేసిన రైతు పూమొగ్గ కనిపించగానే తల తుంచివేస్తాడు. తల తెగిన మొక్క ఆ గాయానికి బదులుగా వేళ్లలో నికోటిన్ తయారీని ఇంకా పెంచుతుంది. మంచుకు తడిసిన ఆకును పొద్దున్నే కోసే కూలీలకు కొన్నిసార్లు తల తిరుగుతుంది, వాంతులవుతాయి. ఆ తడిలో కరిగిన నికోటిన్ చర్మం గుండానే ఒంట్లోకి ఇంకిపోతుంది గనుక, పొగ తాగే అలవాటే లేని మనిషికీ ఈ బాధ తప్పదు.

పురుగును చంపే మందు మనిషి మెదడు మీద ఎందుకు పనిచేస్తుందంటే, ఈ ఒక్క విషయంలో పురుగుకీ మనకీ పెద్ద తేడా లేదు. నాడీకణాలు ఒకదానితో ఒకటి సంకేతాలు పంపుకోవడానికి వాడే రసాయనాలలో ఎసిటైల్‌కొలీన్ ఒకటి. దానిని అందుకునే గ్రాహకాలు కణాల పైపొరలో ఉంటాయి. నికోటిన్ అణువు ఆ గ్రాహకాలలో ఒక రకానికి సరిగ్గా అమరిపోతుంది. దొంగ తాళంచెవితో తలుపు తెరుచుకున్నట్టు, అసలు సంకేతం రాకుండానే కణం స్పందిస్తుంది. ఇలాంటి గ్రాహక పదార్థం ఒకటి కణాల మీద ఉండితీరాలని కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ 1905లో ప్రతిపాదించినదీ నికోటిన్‌తో చేసిన ప్రయోగాల ఆధారంగానే. అందుకే ఆ గ్రాహకాలకు నికోటినిక్ గ్రాహకాలని పేరు స్థిరపడింది. మన శరీరం తన సొంత గ్రాహకాన్ని ఒక పొగాకు విషం పేరుతో పిలిపించుకోవడం కాస్త విడ్డూరమే.

అసలు తాళంచెవికీ దొంగదానికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఎసిటైల్‌కొలీన్ తన పని కాగానే, సెకనులో వెయ్యోవంతు లెక్కన కొలిచేంత తక్కువ వ్యవధిలో, ఒక ఎంజైము చేతిలో విరిగిపోతుంది. ఆ ఎంజైము నికోటిన్‌ను ఏమీ చేయలేదు. పీల్చిన పొగలోని నికోటిన్ పది ఇరవై సెకన్లలో మెదడును చేరుతుంది. రక్తంలో దాని మోతాదు సగానికి తగ్గడానికి మాత్రం సుమారు 2 గంటలు పడుతుంది. అంతసేపు తెరుచుకుని ఉండలేని తలుపులు, అంటే ఆ గ్రాహకాలు, క్రమంగా మొద్దుబారి మూసుకుపోతాయి. సంకేతాలు సరిగా అందడం లేదన్నట్టు మెదడు మరిన్ని గ్రాహకాలను పైకి తెస్తుంది. ఆ తర్వాత నికోటిన్ అందకపోతే ఆ గ్రాహకాలన్నీ ఒక్కసారిగా ఖాళీగా నిలబడతాయి. చిరాకు, ఆందోళన, దేనిమీదా ధ్యాస నిలవకపోవడం అప్పుడు మొదలవుతాయి.

ఇంతవరకు చెప్పినది ఏ వయసు వారికైనా వర్తిస్తుంది. పద్నాలుగేళ్ల పిల్లవాడి విషయంలో అదనంగా చెప్పవలసినది, నా దృష్టిలో అసలు చెప్పవలసినది, వేరే ఉంది. పెద్దవారి మెదడులో నికోటిన్ కట్టడం పూర్తయిన ఇంట్లో దూరిన దొంగ అయితే, ఎదిగే పిల్లల మెదడులో అది గోడలు ఇంకా లేస్తున్న ఇంట్లో మేస్త్రీకి బదులుగా పనివాళ్లకు పురమాయించే పరాయివాడు. ఎందుకంటే ఎదుగుదల దశలో ఎసిటైల్‌కొలీన్ కేవలం వార్తలు మోసే రసాయనం కాదు. ఏ కణం ఏ కణంతో అనుసంధానం పెంచుకోవాలో, ఏ బంధం బలపడాలో నిర్ణయించడంలో దానికీ చేయి ఉంటుంది.

మెదడు పరిమాణం బాల్యంలోనే దాదాపు పూర్తిగా పెరిగిపోతుంది. కానీ లోపలి పని ఇరవై దాటి పాతికేళ్లు వచ్చేదాకా సాగుతుంది. ఒత్తుగా పోసిన నారుమడిలో బలహీనమైన మొక్కలను ఏరివేసి మిగిలినవాటికి చోటు చేసినట్టు, కౌమారంలో మెదడు వాడకంలో లేని అనుసంధానాలను తొలగించి, వాడుకలో ఉన్నవాటికి మయలిన్ అనే కొవ్వుపొరను చుట్టి వేగాన్ని పెంచుతుంది. ఈ సవరింపు అన్నిచోట్లా ఒకేసారి జరగదు. ఆనందాన్నీ ఉత్సాహాన్నీ నడిపే లోపలి భాగాలు ముందుగా చురుకందుకుంటాయి. ధ్యాస నిలపడం, తొందరపాటును ఆపుకోవడం, రేపటి గురించి లెక్క వేయడం వంటి పనులు చూసే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, అంటే నుదుటి వెనుక ఉండే భాగం, అన్నిటికన్నా చివర పక్వానికి వస్తుంది. నికోటిన్ సరిగ్గా ఈ రెండిటి మీదా పనిచేస్తుంది. అటు ఆ లోపలి భాగాలలో ఉత్సాహాన్ని రేపే డోపమైన్ అనే రసాయనాన్ని ఎగదోస్తుంది, ఇటు ఇంకా తీర్చిదిద్దుకుంటున్న నుదుటిభాగపు వలయాలలో జోక్యం చేసుకుంటుంది.

ఈ జోక్యం మిగిల్చే గుర్తును ఎలుకలలో చాలా దగ్గరగా చూశారు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని వ్రీజె విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ప్రచురించిన పనిలో, కౌమార దశలో ఉన్న ఎలుకలకు కొద్దిరోజులపాటు నికోటిన్ ఇచ్చి ఆపేశారు. అవి పెద్దవయ్యాక, మందు ఆనవాలు కూడా లేని వేళ, ధ్యాసను కొలిచే పరీక్ష పెడితే వెనకబడ్డాయి. పెద్దయ్యాక మొదటిసారి అదే నికోటిన్ తీసుకున్న ఎలుకలలో ఆ లోపం కనిపించలేదు. కారణం వెతుకుతూ పోతే, నుదుటిభాగంలో సంకేతాల ఉధృతిని అదుపులో ఉంచే ఒక గ్రాహక ప్రోటీను తగ్గిపోయిందని తేలింది. దానిని ప్రేరేపించే మందును అక్కడికే ఎక్కించినప్పుడు ధ్యాస మెరుగుపడింది. ఎలుకలు పిల్లలు కావన్న మాట నిజమే. అయితే పిల్లలకు నికోటిన్ ఇచ్చి ప్రయోగం చేయడం ఏ నీతికీ సమ్మతం కాదు గనుక, మనుషులలో పరిశీలనలనూ జంతువులలో ప్రయోగాలనూ కలిపి చదువుకోవలసిందే. పొగ తాగే పిల్లలలో ధ్యాసలోపం ఉందంటే, ఆ లోపం ఉన్నవారే పొగవైపు మొగ్గు చూపారేమో అన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది. ఎలుకల విషయంలో ఆ అనుమానానికి తావులేదు. ఈ ప్రయోగానికి నేను ఇచ్చే విలువ అందుకే.

పిల్లలకు ఈ అలవాటు ఎంత తొందరగా పట్టుకుంటుందన్నది మరో సంగతి. రోజుకో పెట్టె తాగితేనే వ్యసనమని మనలో చాలామంది అనుకుంటాం. అమెరికాలోని మసాచుసెట్స్‌లో పన్నెండు, పదమూడేళ్ల విద్యార్థులను అనుసరించి డాక్టర్ జోసెఫ్ డిఫ్రాంజా బృందం 2000లో వెలువరించిన ఫలితాల ప్రకారం, అప్పుడప్పుడూ తాగడం మొదలుపెట్టిన కొద్దిరోజులకో వారాలకో, రోజూ తాగే అలవాటు ఇంకా పడకముందే, కొందరిలో వ్యసన లక్షణాలు కనిపించాయి. సిగరెట్ తాగితే బుర్ర పనిచేస్తుందని, పరీక్షల టెన్షన్ తగ్గుతుందని చెప్పే కుర్రవాడు అబద్ధమాడటం లేదు. అతడికి నిజంగానే హాయిగా ఉంటుంది. ఆ హాయిలో పెద్దవాటా మాత్రం కిందటి సిగరెట్ ప్రభావం దిగిపోవడం వల్ల పుట్టిన అశాంతి కాసేపు తీరడమే.

నికోటిన్ ఎంత వేగంగా లోపలికి పోతుందన్నది ఆమ్లక్షారాల లెక్క. ఖైనీ నలిపే చేతిని ఒకసారి గమనించండి. అరచేతిలో పొగాకు పలుకులు, వాటిమీద చిటికెడు సున్నం, బొటనవేలితో బలంగా రుద్దడం, ఆపైన రెండు తట్లు తట్టి ధూళిని ఎగరగొట్టడం. ఆ సున్నం రుచికోసం కాదు. అది క్షారం కావడం వల్ల నికోటిన్ విద్యుదావేశం లేని రూపానికి మారి, పెదవి లోపలి పలుచని పొరను సులువుగా దాటుతుంది. ఊపిరితిత్తుల దారి ఇందుకు తిరగేసి ఉంటుంది. బ్యారన్‌లో వేడిగాలికి ఆరబెట్టిన వర్జీనియా ఆకులో చక్కెరలు నిలిచి ఉంటాయి గనుక దాని పొగకు ఆమ్లగుణం ఉంటుంది, గొంతులో మంట తక్కువ, లోతుగా పీల్చడం తేలిక. ఇ-సిగరెట్ల తయారీదారులు బెంజోయిక్ ఆమ్లం కలిపి నికోటిన్ లవణాన్ని తయారుచేసి ఇదే సూత్రాన్ని ఇంకా ముందుకు నెట్టారు. గాఢమైన మోతాదు కూడా దగ్గు రాకుండా లోపలికి పోతుంది. కొత్తగా పీల్చేవాడిని ఆపే మొదటి కాపలాదారు దగ్గే కదా. అమెరికా హైస్కూలు విద్యార్థులలో ఇ-సిగరెట్ వాడేవారు 2017లో 11.7 శాతం ఉండగా 2019 నాటికి 27.5 శాతానికి చేరారు. మనదేశం 2019లోనే వాటి తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. చాటుమాటు అమ్మకం మాత్రం ఆగలేదు.

అయినా మన పిల్లలకు అందుబాటులో ఉన్నవి ప్రధానంగా పాతవే. 2019లో మనదేశంలో జరిగిన ప్రపంచ యువ పొగాకు సర్వేలో 13 నుంచి 15 ఏళ్ల విద్యార్థులలో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్టు తేలింది. పొగలేని పొగాకు వాడిన పిల్లలలో సగానికి పైగా పదేళ్లు నిండకముందే మొదలుపెట్టారు. అంటే మెదడులో పైన చెప్పిన సవరింపు ఊపందుకోకముందే అన్నమాట.

ఇందులో ఊరటనిచ్చే ఒక సంగతి ఉంది. మానేసిన పెద్దవారి మెదడును స్కానింగులో చూస్తే, పెరిగిన నికోటినిక్ గ్రాహకాలు సుమారు 6 నుంచి 12 వారాలలో మామూలు స్థాయికి దిగివస్తున్నాయి. మొదటి నెల అంత కష్టంగా ఎందుకుంటుందో కూడా దీనితో అర్థమవుతుంది. మానాలనుకునేవారికి సలహా ఇచ్చే జాతీయ ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356ను 2018 నుంచి ప్రతి సిగరెట్ పెట్టెమీద ముద్రిస్తున్నారు. కిళ్లీకొట్టులో విడిగా ఒక్క సిగరెట్ కొనుక్కుని, కొట్టుకు వేలాడే లైటర్‌తో ముట్టించుకుని వెళ్లే కుర్రవాడి చేతికి ఆ పెట్టె రాదు.