గర్భసంచి ఉంచి ఎడినోమయోసిస్‌ను తీయడం: ఒక ఆలోచన ఆలస్యంగా బలపడిన తీరు

దాదాపు వందేళ్ల పాటు ఎడినోమయోసిస్ అన్న మాట రోగి చెవిన పడేసరికి ఆమె గర్భాశయం పాథాలజీ ల్యాబ్‌కు చేరిపోయి ఉండేది. నెలసరిలో ఆగని రక్తస్రావం, పొత్తికడుపును మెలిపెట్టే నొప్పి, పరీక్షలో చేతికి ఉబ్బుగా తగిలే గర్భాశయం, ఈ మూడూ ఉన్నా వాటికి మరో కారణం ఉండవచ్చు కాబట్టి, తీసేసిన అవయవాన్ని ముక్కలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే తప్ప ఇది ఫలానా జబ్బు అని తేల్చే వీలు ఉండేది కాదు. జబ్బు పేరు తెలియడం, జబ్బు పోవడం రెండూ ఒకే ఆపరేషన్‌తో జరిగిపోయేవి. గర్భాశయాన్ని ఉంచి జబ్బును మాత్రమే తీయాలన్న ఆలోచన ఆలస్యంగా బలపడటానికి సర్జన్ల మొండితనం కన్నా ఈ చిక్కుముడే పెద్ద కారణమని నాకు అనిపిస్తుంది.

గర్భాశయ గోడలో లోపలివైపు ఎండోమెట్రియం అనే మెత్తని పొర, దాని చుట్టూ మందపాటి కండరం ఉంటాయి. ఆ లోపొరకు చెందిన గ్రంథులు, వాటిని అంటిపెట్టుకున్న కణజాలం కండరంలోకి చొచ్చుకుపోయి అక్కడే తిష్ఠ వేయడమే ఎడినోమయోసిస్. చుట్టూ ఉన్న కండరం దళసరెక్కుతుంది, గోడ గట్టిపడుతుంది, గర్భాశయం గుండ్రంగా ఉబ్బుతుంది. కొందరిలో ఇది ఒకచోట గడ్డలా చేరుతుంది, దాన్ని ఎడినోమయోమా అంటారు. మరికొందరిలో హద్దు లేకుండా గోడంతా పరుచుకుంటుంది. శస్త్రచికిత్స కష్టమంతా ఈ రెండో రూపంలోనే ఉంది.

ఇలాంటి కణజాలాన్ని వియన్నా పాథాలజిస్టు కార్ల్ ఫాన్ రోకిటాన్‌స్కీ 1860లో వర్ణించాడని వైద్య చరిత్రలు సాధారణంగా చెబుతాయి. ఈ గ్రంథులు కండరంలోకి ఎలా వచ్చాయన్న దానిపై ఆ శతాబ్దం చివర్లో పెద్ద వాదమే నడిచింది. పిండదశలో మిగిలిపోయిన నాళాల అవశేషాలే ఇవని 1896లో జర్మనీకి చెందిన ఫాన్ రెక్లింగ్‌హౌసెన్ వాదించాడు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో థామస్ కల్లెన్ మాత్రం తీసేసిన గర్భాశయాలను ఓపికగా పలుచని ముక్కలుగా కోసుకుంటూ పోయి, కండరం లోతున కనిపించే గ్రంథులు చాలావరకు లోపొర నుంచి తెగకుండా సాగి వచ్చినవేనని చూపాడు. 1908లో ఆయన వెలువరించిన గ్రంథం ఈ విషయానికి పునాది రాయిగా నిలిచింది. ఎడినోమయోసిస్ అన్న పేరును స్థిరపరిచింది 1925లో వియన్నాకే చెందిన ఆస్కర్ ఫ్రాంకెల్. ఇప్పటికీ పాథాలజిస్టులు ఉటంకించే నిర్వచనం 1972లో బర్డ్, ఆయన సహచరులు ఇచ్చినది.

వీరందరి చేతిలో ఉన్న ఆధారం ఒక్కటే, తీసేసిన గర్భాశయం. దాంతో ఒక వింత పర్యవసానం వచ్చింది. గర్భసంచి తీయించుకునే వారిలో అధికులు నలభై దాటినవారు, పిల్లలు పుట్టినవారు కాబట్టి, ఇది నలభై దాటిన బహుసంతాన తల్లులకు వచ్చే జబ్బేనన్న అభిప్రాయం పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది. అలాంటివారికి గర్భాశయంతో ఇక పనేముందన్న మాట దానికి తోడైంది. చూసిన చోటే కనిపించింది, కనిపించిన చోటే ఉందనుకున్నారు. తీసేసిన గర్భాశయాల్లో ఈ జబ్బు ఎంత శాతమంటే ఒక నివేదిక 5 అంటే మరొకటి 70 అనేది. ఎన్ని ముక్కలు కోసి చూశారు, ఎంత లోతున ఉంటే జబ్బుగా లెక్కించారు అన్నదాన్ని బట్టి అంకె మారిపోయేది.

శస్త్రచికిత్స వైపు నుంచి చూస్తే అసలు అడ్డంకి మరొకటి. ఫైబ్రాయిడ్ గడ్డకు చుట్టూ ఒక తొడుగులాంటి హద్దు ఉంటుంది. ఆ హద్దు దొరికితే గడ్డ ఊడి వస్తుంది. అందుకే లండన్‌లో విక్టర్ బానీ లాంటివారు ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలోనే గర్భాశయాన్ని ఉంచి ఫైబ్రాయిడ్లను తీయడాన్ని ఒక ఉద్యమంలా నడపగలిగారు. ఎడినోమయోసిస్‌కు ఆ హద్దు లేదు. గోడలో పాకిన రావి వేరును గోడ పగలకుండా లాగడం లాంటిదే ఇది. మొత్తం తీయాలంటే మంచి కండరమూ పోతుంది, కండరాన్ని కాపాడితే జబ్బు కొంత మిగులుతుంది. ఇప్పుడున్న పద్ధతులన్నీ ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలన్న ప్రశ్నకు తలా ఒక రకంగా చెప్పిన జవాబులే.

తొలి ప్రయత్నాలు లేకపోలేదు. యువతుల్లో గర్భాశయాన్ని ఉంచి చేసే శస్త్రచికిత్స గురించి 1952లో అమెరికాలో హయమ్స్, 1965లో కెనడాలో వాన్ ప్రాగ్ రాశారు. అయితే ఆపరేషన్‌కు ముందే జబ్బును నమ్మకంగా గుర్తించే దారి లేనప్పుడు, ఎవరికి చేయాలో, ఎంత తీయాలో ముందుగా తేల్చుకోవడం సాధ్యం కాదు కనుక ఆ దారి చాలాకాలం సన్నగానే ఉండిపోయింది.

దాన్ని వెడల్పు చేసింది కత్తి కాదు, ఎంఆర్ఐ. 1980ల తొలి ఏళ్లలో హెడ్విగ్ హ్రిచాక్ బృందం, మరికొందరు చూపిన చిత్రాల్లో గర్భాశయ గోడ పొరలు పొరలుగా కనిపించింది. లోపొరకూ బయటి కండరానికీ మధ్య నల్లటి పట్టీ ఒకటి స్పష్టంగా తేలింది. ఆ పట్టీని జంక్షనల్ జోన్ అన్నారు. అది 12 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి మందంగా ఉంటే ఎడినోమయోసిస్‌ను అనుమానించాలన్న కొలత 1990లలో స్థిరపడింది. యోని ద్వారా చేసే అల్ట్రాసౌండ్ స్కానింగ్ మెరుగయ్యాక ఈ పరీక్ష ఇంకా అందుబాటులోకి వచ్చింది, 2015లో మూసా అనే నిపుణుల బృందం స్కానింగ్‌లో ఏయే లక్షణాలను ఎలా వర్ణించాలో ఒక ఉమ్మడి పరిభాషను ఇచ్చింది. ముప్ఫై ఏళ్ల లోపువారిలో, పిల్లల కోసం చికిత్స పొందుతున్నవారిలో ఈ జబ్బు కనిపించడం మొదలైంది. గర్భాశయంతో పనేముందన్న పాత మాట వీరి దగ్గర చెల్లలేదు.

ఈ మలుపులో జపాన్ సర్జన్ల పాత్ర ప్రత్యేకంగా చెప్పుకోవాలి. టోక్యోలోని నిహోన్ విశ్వవిద్యాలయానికి చెందిన హిసావో ఒసాడా 2011లో 104 మంది మీద చేసిన ఆపరేషన్ల అనుభవాన్ని ప్రచురించాడు. పద్ధతి ఇలా ఉంటుంది. పొట్ట తెరిచి, రక్తం ఆగేందుకు గర్భాశయం కింది భాగం చుట్టూ రబ్బరు పట్టీ బిగించి, జబ్బు గోడను నడిమికి లోపలి కుహరం దాకా నిలువుగా చీలుస్తారు. కుహరంలోకి చూపుడు వేలు పెట్టి, లోపలివైపు ఎంత మందం మిగులుతుందో ఆ వేలితోనే అంచనా వేసుకుంటూ, లోపొర వైపు ఒక సెంటీమీటరు, బయటి పొర వైపు ఒక సెంటీమీటరు ఉంచి మధ్యలోని గట్టి కణజాలాన్ని కోసి తీసేస్తారు. తర్వాత ముందు లోపొరను కుట్టి, ఒక పక్క కండరాన్ని దాని మీదికి చేర్చి, రెండో పక్కదాన్ని శాలువా అంచులా దాని మీద కప్పి కుడతారు. కుట్ల వరసలు ఒకదాని మీద ఒకటి పడకుండా చూడటంలోనే ఈ పద్ధతి కిటుకు ఉంది, ఎందుకంటే వరసలన్నీ ఒకేచోట పడితే రేపు గర్భం పెరిగినప్పుడు గోడ అక్కడే బలహీనంగా ఉంటుంది.

గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఇంత పేరు పొందిన ఈ ఆపరేషన్ పొట్ట కోసి చేసినదే. పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి, లోపలికి కెమెరా పంపి చేసే లాపరోస్కోపీ కథ వేరే దారిలో నడుస్తూ వచ్చింది. జర్మనీలో కీల్ నగరానికి చెందిన గైనకాలజిస్టు కుర్ట్ జెమ్ 1980లో లాపరోస్కోపీతో అపెండిక్స్ తీసినప్పుడు ఆయన్ను సస్పెండ్ చేయాలన్న డిమాండ్ కూడా వినిపించింది. 1988లో అమెరికాలో హ్యారీ రైక్ గర్భాశయాన్నే లాపరోస్కోపీతో తీశాడు. ఆ తర్వాతే ఎడినోమయోసిస్ వరకు ఈ విద్య వచ్చింది. 2006లో జపాన్‌కే చెందిన తాకెఉచి బృందం లాపరోస్కోపీతో జబ్బు భాగాన్ని తీసి, మిగిలిన గోడను మడతల మీద మడతగా కుట్టే విధానాన్ని వివరించింది. రోబో సాయం దానికి తర్వాత కలిసింది.

ఇక్కడ మాటల్లో ఒక మోసం ఉంది. లాపరోస్కోపీని కనిష్ఠ కోత అంటారు, కానీ అది పొట్ట చర్మానికి వర్తించే మాట, గర్భాశయానికి కాదు. రంధ్రం అర సెంటీమీటరే అయినా లోపల గర్భాశయ గోడ మీద పడే గాటు చిన్నదేమీ కాదు. పైగా ఒసాడా పద్ధతిలో సర్జన్‌కు దారి చూపిన వేలు లాపరోస్కోపీలో లేదు. ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ మెత్తబడిందో పరికరం కొన ద్వారానే ఊహించుకోవాలి. రక్తం ఆపడానికి విద్యుత్తును ఎక్కువగా వాడితే కాలిన కండరం సరిగ్గా అతకదు కనుక విద్యుత్తు లేని మామూలు కత్తెర, రక్తనాళాలను బిగించే వేసోప్రెసిన్ ఇంజెక్షన్, త్వరగా పడే కుట్లు కావాలి. తీసిన కణజాలాన్ని చిన్న రంధ్రం గుండా బయటికి తేవడానికి వాడే మోర్సిలేటర్ అనే పరికరం, గుర్తించని కేన్సర్ ఉంటే దాన్ని కడుపులో చెదరగొట్టవచ్చని 2014లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించాక, సంచిలో పెట్టి ముక్కలు చేసే జాగ్రత్త పెరిగింది. ఒకచోట గడ్డలా ఉన్న జబ్బుకు లాపరోస్కోపీ చక్కగా నప్పుతుంది. గోడంతా పరుచుకున్నప్పుడు మాత్రం కోత చిన్నదా పెద్దదా అన్నదానికన్నా కుట్టే చేతి నేర్పే ముఖ్యం.

అసలు కత్తే లేని దారులూ ఇదే కాలంలో వచ్చాయి. లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్‌ను వదిలే గర్భాశయ పరికరం, 1995లో పారిస్‌లో రవీనా ఫైబ్రాయిడ్లకు వాడి చూపిన, గర్భాశయానికి రక్తం చేర్చే ధమనిని మూసే పద్ధతి, శరీరం బయటి నుంచే శబ్ద తరంగాలను ఒక బిందువు మీద కేంద్రీకరించి కణజాలాన్ని వేడితో చంపే పద్ధతి తర్వాతి ఏళ్లలో ఎడినోమయోసిస్‌కూ విస్తరించాయి. నొప్పి, రక్తస్రావమే సమస్య అయిన వారిలో చాలామందికి ఇవి సరిపోవచ్చు.

గర్భం కావాలనుకునే వారి లెక్క వేరు. గర్భాశయ గోడకు ఇంత పెద్ద కోత పడ్డాక గర్భంలోనో పురిటి నొప్పుల్లోనో అది చిట్లే ప్రమాదం ఫైబ్రాయిడ్ ఆపరేషన్ తర్వాతి కన్నా ఎక్కువ. మాయ గోడకు లోతుగా అతుక్కునే ప్రమాదమూ ఉంది. అందుకే నొప్పులు మొదలు కాకముందే సిజేరియన్ చేయాలన్నది సాధారణ సలహా. ఏ పద్ధతి మేలన్నది ఇప్పటికీ ఎక్కువగా ఒక్కో ఆసుపత్రి, ఒక్కో సర్జన్ ప్రచురించిన అనుభవాల మీదే ఆధారపడి ఉంది. ఈ పరిస్థితిలో ఆపరేషన్ చేసిన సర్జన్ రాసే నోట్ విలువ రోగికి ఇచ్చే డిశ్చార్జి కాగితం కన్నా ఎక్కువ. కుహరం తెరిచారా లేదా, ఏ గోడ ఎంత తీశారు, ఎంత మందం మిగిలింది, ఎన్ని పొరలుగా కుట్టారు అన్న నాలుగు వాక్యాలు అందులో ఉంటే, కొన్నేళ్ల తర్వాత గర్భంతో వచ్చిన ఆమెను చూసే ప్రసూతి వైద్యురాలు ఎప్పుడు సిజేరియన్ చేయాలో, స్కానింగ్‌లో ఏ గోడను జాగ్రత్తగా చూడాలో వాటిని బట్టే నిర్ణయించుకోగలుగుతుంది.