వెలోమొబైల్‌కు మోటారు: మా షాపులో రోజూ వినే అపోహలు

హన్మకొండలో సైకిళ్లకు మోటారు కిట్లు బిగించడం నా పని. రెండేళ్ల కింద ఒక కస్టమర్ కోసం వెలోమొబైల్ తయారుచేశాం. వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపి తొక్కే మూడు చక్రాల సైకిల్ అది. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి, చుట్టూ చేప ఒంటిలాంటి బాడీ. సుబేదారిలో ఆపితే చాలు, జనం మూగేవారు. "గిది కరెంటుదా, తొక్కుడుదా?" అని మొదటి ప్రశ్న. రెండూ. ఆ తర్వాత వచ్చే మాటలే ఇవన్నీ.

అపోహ: మోటారు పెడితే రాకెట్ లెక్క పోతది.

వాస్తవం: స్పీడు ఇచ్చేది బాడీ, మోటారు కాదు. వేగం రెట్టింపు కావాలంటే గాలిని చీల్చడానికే ఎనిమిది రెట్ల శక్తి కావాలి. ఆ భారం తగ్గించడానికే బాడీ. కానీ గంటకు 15 కిలోమీటర్ల దగ్గర గాలి పెద్దగా అడ్డు రాదు, అక్కడ బాడీ ఉత్త బరువే. మా బండి బ్యాటరీతో కలిపి 40 కిలోలు దాటింది. చౌరస్తాలో సిగ్నల్ పడ్డ ప్రతిసారీ ఆ బరువును మళ్లీ కదిలించాలి. కాజీపేట బ్రిడ్జి ఎక్కాలి. మోటారు అక్కరకొచ్చేది అక్కడ. చదును రోడ్డు మీద ఓ మోస్తరుగా తొక్కేవాళ్లు కూడా 30 దాటిస్తారు. రూల్ ప్రకారం మోటారు సాయం 25 దగ్గరే ఆగిపోవాలి కాబట్టి అప్పటికి అది నిద్రపోతుంటుంది.

అందుకే ఎవరొచ్చినా ముందు అడిగేది, దారిలో ఎన్నిసార్లు ఆగుతారని. ధర్మసాగర్, హసన్‌పర్తి వైపు నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లకు ఈ బండి లాభం. ఊళ్లోనే తిరిగేవాళ్లకు మామూలు ఎలక్ట్రిక్ సైకిలే నయమని చెప్తాను. బేరం పోతే పోనీ.

అపోహ: 250 వాట్ల మోటారే కదా, లైసెన్సు గొడవ లేదు.

వాస్తవం: సగమే నిజం. మోటారు 250 వాట్ల లోపు ఉండాలి, గంటకు 25 కిలోమీటర్ల వేగం దగ్గర సాయం ఆగాలి. వీటితో పాటు ఆ మోడల్‌ను గుర్తింపు ఉన్న టెస్టింగ్ ఏజెన్సీ పరీక్షించి ఒప్పుకుని ఉండాలి. ఇంట్లో బిగించుకున్న కిట్‌కు ఆ కాగితం ఉండదు. ఇంకోటి, పెట్టె మీద స్టిక్కరు 250 అంటుంది. మోటారుకు కరెంటు పంపే డబ్బా, అదే కంట్రోలర్, తిప్పి చూస్తే 48 వోల్టులు, 25 ఆంపియర్లు! గుణించుకోండి, 1200 వాట్లు.

అపోహ: చుట్టూ బాడీ ఉంది, వానకు ఢోకా లేదు.

వాస్తవం: పైనుంచి పడే నీళ్లకు నిజంగానే ఢోకా లేదు, కింది నీళ్లకే భయం. బండి అడుగుభాగం నేలకు జానెడు ఎత్తు కూడా ఉండదు. ఒక జులైలో హంటర్ రోడ్డు మీద నిలిచిన నీళ్లలోంచి నేనే పోనిచ్చాను. రెండో రోజు మోటారు కదల్లేదు. వెనక చక్రం దగ్గర కనెక్టర్ విప్పితే పిన్నులకు పచ్చటి చిలుము. తప్పు నాదే, వైరును నేరుగా కనెక్టర్‌లోకి లాగాను. ఇప్పుడు వైరును కిందికి వంపు తిప్పి, మళ్లీ పైకి తెచ్చి కలుపుతున్నా. నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

అపోహ: నీడలో కూర్చుంటాం, ఎండాకాలం హాయి.

వాస్తవం: కదులుతున్నంతసేపే హాయి. మేలో సిగ్నల్ దగ్గర నిమిషం ఆగితే లోపల పొయ్యి మీద కూర్చున్నట్టే. అందుకే మా కస్టమర్ తల బయట ఉండేలా పైమూత తీయించుకున్నారు. ఎండలో తిరిగొచ్చిన బ్యాటరీని వెంటనే చార్జింగ్ పెట్టొద్దు. చాలా లిథియం బ్యాటరీలకు చార్జింగ్ హద్దు 45 డిగ్రీలు.

కరెంటు బిల్లు గురించి టెన్షన్ అనవసరం. 36 వోల్టుల 14 ఆంపియర్ అవర్ బ్యాటరీ నిండడానికి అర యూనిట్ కొంచెం దాటుతుంది, అంతే.

అపోహ: లారీవాళ్లకు కనబడదు.

వాస్తవం: ఇది పూర్తిగా అపోహ అనలేను. దూరం నుంచి వింత బండి కాబట్టి అందరూ చూస్తారు. పక్కకు చేరితే మాత్రం లారీ డ్రైవర్ కిటికీకి మన తల చాలా కింద ఉంటుంది. జెండా కర్ర, పగలు కూడా వెలిగే లైటు పెట్టించాను. అయినా ములుగు రోడ్డు మీద లారీ పక్కన నేను పోను, వెనకే ఉంటాను.

ఇక కొనేముందు మీ ఇంటి సందు టేపుతో కొలవండి. బండి రెండున్నర మీటర్ల పైనే పొడవు, ముందు చక్రాలు పక్కలకు కొంచెమే మళ్లుతాయి. మా కస్టమర్ ఇప్పటికీ రోజూ సాయంత్రం గేటు ముందు దిగి, తోక పట్టుకుని ఎత్తి తిప్పుతారు.