లీన్ కోడ్ రాగానే ఆక్సిజన్ సెన్సార్ మార్చకండి: ట్యూన్ చేసిన బండ్లలో ఫ్యూయల్ ట్రిమ్ గురించి అపోహలు - వాస్తవాలు

పోయిన వారం ఒకే రోజు మూడు ఫోన్లు వచ్చాయి. ఒకటి హనుమకొండ నుంచి, ఒకటి జనగామ నుంచి, ఒకటి పరకాల నుంచి. ముగ్గురిదీ ఒకటే మాట. "అన్నా, పీ0171 వచ్చింది. ఆక్సిజన్ సెన్సార్ పోయిందంటున్నరు. నీ దగ్గర దొరుకుతదా?" పీ0171 అంటే లీన్ కోడ్, గాలికి తగ్గ పెట్రోల్ లేక మిశ్రమం పలచగా ఉందని చెప్పేది. మూడూ రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ అయిన ఈసీయూలోని పెట్రోల్ లెక్క, అంటే మ్యాప్, మార్పించడం) చేయించిన పెట్రోల్ బండ్లే. ట్రిమ్ నంబర్లు, అంటే ఆ లెక్క మీద ఈసీయూ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో, ఎంతున్నాయని అడిగితే ఒక్కరి దగ్గరా సమాధానం లేదు. కోడ్ చూశారు, సెన్సార్ అనుకున్నారు, అంతే.

మా ఫీల్డ్‌లో జనం డబ్బు ఎక్కువగా పోయేది ఈ ఒక్క అపోహ దగ్గరే. కాబట్టి ముందు దీని సంగతే చెప్తాను.

అపోహ: లీన్ కోడ్ వచ్చిందంటే ఆక్సిజన్ సెన్సార్ పోయినట్టే.

వాస్తవం: పెట్రోల్ పెంచీ పెంచీ తన హద్దుకు వచ్చేశానని ఈసీయూ చెప్పడమే ఆ కోడ్. చాలా బండ్లలో ఆ హద్దు ప్లస్ 25 శాతం చుట్టుపక్కల ఉంటుంది. మిశ్రమం పలచగా ఉందని ఈసీయూకి చెప్పింది ఆ సెన్సారే. అంటే సాధారణంగా అది పని చేస్తున్నట్టే లెక్క. అయినా అనుమానం ఉంటే పరీక్షకు రెండు నిమిషాలు చాలు. ఇంజన్ బాగా వేడెక్కాక స్కానర్‌లో ముందు సెన్సార్ వోల్టేజ్ చూడండి. పాత నారోబ్యాండ్ రకమైతే (మిశ్రమం చిక్కగా ఉందా పలచగా ఉందా అని మాత్రమే చెప్పేది) 0.1 వోల్టుకీ 0.9 వోల్టుకీ మధ్య గబగబా ఊగుతూ ఉండాలి. యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా తొక్కితే 0.8 దాటాలి, వదిలేయగానే 0.1 దగ్గరకు పడిపోవాలి. ఇవన్నీ జరుగుతున్నాయంటే దాన్ని ముట్టుకోకండి. సెన్సార్లు అసలు పోవని నేననడం లేదు. సిలికాన్ గమ్ము ఆవిరి తగిలినవి, ఆయిల్ తాగే ఇంజన్ పొగకు చెడిపోయినవి నేనే మార్చాను. కానీ లీన్ కోడ్‌తో వచ్చే బండ్లలో అవి చాలా తక్కువ.

నర్సంపేట వైపు నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. ఎయిర్ ఫ్లో మీటర్ (ఇంజన్‌లోకి పోయే గాలిని కొలిచేది) ఉన్న చిన్న టర్బో పెట్రోల్ బండి. రీమ్యాప్, ఓపెన్ ఫిల్టర్, పెద్ద డౌన్‌పైప్ (టర్బో నుంచి సైలెన్సర్ వైపు పోయే పైపు). వేరే చోట రెండు సెన్సార్లు మార్పించాడు. మళ్ళీ లైట్ వెలిగితే మ్యాప్ తప్పని ఎవరో అంటే ఇంకోసారి మ్యాప్ చేయించాడు. మొత్తం 28 వేలు. నా దగ్గరికి వచ్చేసరికి అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇంజన్ దిగాల్నా అన్నా, ఇంట్ల ఇంకా చెప్పలే" అన్నాడు. అలా వచ్చినవాళ్ళకు ముందు ఒక కుర్చీ వేసి, చాయ్ చెప్పి, ఆ తర్వాతే బానెట్ తెరుస్తాను.

స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు, లాంగ్ టర్మ్ ప్లస్ 21 ఉంది. ట్రిమ్ రెండు రకాలు: అప్పటికప్పుడు చేసే సవరణ షార్ట్ టర్మ్, ఈసీయూ నేర్చుకుని గుర్తుపెట్టుకున్నది లాంగ్ టర్మ్. 2500 ఆర్పీఎం దగ్గర పట్టి ఉంచితే నిదానంగా ప్లస్ 5కి దిగింది. సగం రోగం అక్కడే తెలిసిపోయింది. థ్రాటిల్ తర్వాత ఎక్కడో చిల్లు ఉంది, లెక్కలోకి రాని గాలి లోపలికి వస్తోంది. స్లోలో ఇంజన్ పీల్చే గాలే తక్కువ, కాబట్టి ఆ దొంగగాలి వాటా పెద్దది. ఆర్పీఎం పెరిగితే అసలు గాలి ఎక్కువై దాని వాటా తగ్గుతుంది. దీనికి తిరగబడి, స్లోలో బాగుండి లోడ్ పెరిగే కొద్దీ ట్రిమ్ పైకి పోతుంటే అప్పుడు పంపు, ఫిల్టర్, పెట్రోల్ ప్రెషర్ వైపు చూడాలి. రెండు చోట్లా ఒకేలా ఎక్కువుంటే ఎయిర్ ఫ్లో మీటర్ తక్కువ లెక్క చెప్తోందేమో చూడాలి.

చిల్లు వెతకడానికి గాలి పైపుల్లోకి పొగ పంపే మెషీన్ పెట్టాను. నిమిషం దాకా ఏమీ లేదు. తర్వాత మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టాలు) కింద, చెయ్యి దూరని చోట, అగరబత్తి పొగలాగా సన్నగా ఒక దారం లేచింది. ఇంజన్ లోపలి ఆవిరిని మానిఫోల్డ్‌కు తెచ్చే క్రాంక్‌కేస్ గాలి పైపు, మోకాలిలా వంగే చోట పగిలింది. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. బొటనవేలితో వంచితే పెదవుల్లా నోరు తెరిచింది. డౌన్‌పైప్ బిగించేటప్పుడు ఎవరో దాన్ని పక్కకు లాగి ఉంటారు. వేడికి గట్టిపడిన రబ్బరు తట్టుకోలేదు. పైపుకూ రెండు క్లిప్పులకూ కలిపి 650 రూపాయలయ్యాయి. అడాప్టేషన్ (ఈసీయూ నేర్చుకున్న లెక్క) రీసెట్ చేసి కాజీపేట దాకా పోయి వచ్చేసరికి రెండు ట్రిమ్‌లూ కలిపి ప్లస్ 3 దగ్గర కుదురుకుంది.

టర్బో బండి వాళ్ళు ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. అదే చిల్లు స్లోలో గాలిని లోపలికి పీలుస్తుంది, బూస్ట్‌లో (టర్బో గాలిని ఒత్తి పంపేటప్పుడు) బయటకు ఊదేస్తుంది. మీటర్ లెక్కేసిన గాలి ఇంజన్‌కు చేరదు, మిశ్రమం చిక్కబడుతుంది, అంటే రిచ్ అవుతుంది. స్లోలో ప్లస్, బూస్ట్‌లో మైనస్ కనబడితే రెండు రోగాలు ఉన్నాయని కంగారు పడకండి. చాలాసార్లు ఒక్క చిల్లే. ఇక మీటర్ లేకుండా మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సార్ మీదే నడిచే బండ్లలో లెక్క వేరు. చిల్లు వల్ల మానిఫోల్డ్ ప్రెషర్ పెరిగితే దానికి తగ్గ పెట్రోల్ కూడా ఈసీయూ పోస్తుంది. ట్రిమ్ పెద్దగా కదలదు, స్లో మాత్రం పైకి లేస్తుంది. అందుకే మీ బండి ఏ రకమో తెలియకుండా వేరే బండి వీడియో చూసి టెన్షన్ పడొద్దు.

సెన్సార్‌ను మోసం చేసేవి ఇంకో రెండున్నాయి, ట్యూన్ చేసిన బండ్లలో ఎక్కువ. డౌన్‌పైప్ మార్చినప్పుడు గాస్కెట్ సరిగా కూర్చోకపోతే సెన్సార్ కంటే ముందే బయటి గాలి సైలెన్సర్ పైపులోకి వస్తుంది. రెండోది మిస్‌ఫైర్. బూస్ట్ పెంచి ప్లగ్ గ్యాప్ తగ్గించకపోతే నిప్పురవ్వ ఆరిపోతుంది. కాలని పెట్రోల్‌ను సెన్సార్ పట్టించుకోదు, మిగిలిపోయిన ఆక్సిజన్‌నే చూస్తుంది, లీన్ అంటుంది. ఈసీయూ ఇంకా పెట్రోల్ పోస్తుంది.

నేను పని నేర్చుకున్న రోజుల్లో స్కానర్ లేదు. మా ఉస్తాద్ మూరెడు పెట్రోల్ పైపు ముక్క ఒక కొన చెవిలో పెట్టుకుని, రెండో కొనతో మానిఫోల్డ్ చుట్టూ తడుముతూ పోయేవాడు. ఎక్కడో ఒక చోట ఆగి, నన్ను పిలిచి ఆ పైపు నా చెవిలో పెట్టేవాడు. సన్నగా "స్స్స్" అని. పొగ మెషీన్ లేని షాపులో ఇప్పటికీ ఆ పద్ధతి పనికొస్తుంది. ఫ్యాన్‌కూ బెల్టుకూ దూరంగా ఉండండి. వేడి ఇంజన్ మీద క్లీనర్ స్ప్రే కొట్టి వెతకడం మాత్రం మానేయండి, మంట అంటుకుంటుంది.

అపోహ: ట్యూనర్ మ్యాప్‌లో పెట్రోల్ పెంచితే ట్రిమ్ సున్నాకు వస్తుంది.

వస్తుంది. చిల్లు మాత్రం అలాగే ఉంటుంది. ఎవరైనా తర్వాత ఆ పైపు మారిస్తే బండి ఒక్కసారిగా రిచ్ అవుతుంది, ఈసారి రిచ్ కోడ్ పీ0172. ముందు బండిలో లోపం లేదని తేలాలి, ఆ తర్వాతే మ్యాప్. మ్యాప్‌లోనే సరిచేయాల్సినవి వేరే ఉన్నాయి. ఓపెన్ ఫిల్టర్‌తో ఎయిర్ ఫ్లో మీటర్ గొట్టం వెడల్పు మారితే మీటర్ స్కేలింగ్ మార్చాలి. పెద్ద ఇంజెక్టర్లు వేస్తే వాటి డెడ్ టైమ్ (తెరుచుకోవడానికి పట్టే ఆలస్యం) సరిగా ఇవ్వాలి. అది తప్పితే లోడ్‌లో బాగుండి స్లోలో మాత్రం ట్రిమ్ తేడా కొడుతుంది, అచ్చం గాలి చిల్లులాగే కనబడుతుంది. అందుకే పొగ పరీక్ష ముందు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

ట్రిమ్ సున్నా ఉండాలంటారు. అక్కర్లేదు. షార్ట్, లాంగ్ రెండూ కలిపి ప్లస్ మైనస్ 5 లోపు ఉంటే హాయిగా నిద్రపోండి. 10 దాటితే చూపించండి.

బ్యాటరీ వైరు తీసి పెడితే పోతుందంటారు. నేర్చుకున్న లెక్క చెరిగిపోతుంది, కారణం పోదు. పైగా నాకు కావాల్సిన సాక్ష్యం కూడా పోతుంది.

ఫుల్ థ్రాటిల్‌లో ట్రిమ్ స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు. చాలా బండ్లలో అప్పుడు ఓపెన్ లూప్, అంటే ఈసీయూ సెన్సార్ మాట వినకుండా మ్యాప్ మీదే నడుపుతుంది, షార్ట్ టర్మ్ సున్నా దగ్గర ఆగిపోతుంది. అక్కడ చూడాల్సింది వైడ్‌బ్యాండ్ లాంబ్డా, అంటే మిశ్రమం ఎంత చిక్కగా ఎంత పలచగా ఉందో కచ్చితంగా చెప్పే రీడింగ్.

సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్ ఉన్న బండ్లలో గ్యాస్ సెట్టింగ్ తప్పితే ఈసీయూ ఆ తప్పునే నేర్చుకుంటుంది. పెట్రోల్‌కు మారగానే బండి తిక్కతిక్కగా నడుస్తుంది. ముందు పెట్రోల్ మీదే కొన్ని రోజులు నడిపి ట్రిమ్ చూడాలి.

మేడారం జాతరకు దుమ్ములో పోయి వచ్చినవాళ్ళు ఎయిర్ ఫిల్టర్ చూసుకోండి. ఓపెన్ ఫిల్టర్‌కు ఆయిల్ ఎక్కువ రాసినా మీటర్ వైరుకు అంటుకుని తక్కువ లెక్క చెప్తుంది.

ఇక ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. దాని మీద వచ్చినన్ని పుకార్లు నేను దేని మీదా వినలేదు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే గాలికి పెట్రోల్ కొంచెం ఎక్కువ కావాలి. మామూలు పెట్రోల్‌కు గాలి నిష్పత్తి 14.7, ఈ10కి 14.1, ఈ20కి 13.5 దాకా దిగుతుంది. ఈ10 మీద మ్యాప్ చేసిన బండిలో ఈ20 పోస్తే లాంగ్ టర్మ్ 4 శాతం దాకా పెరగడం సహజం. దానికి సెన్సార్ మార్చేవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. కానీ ఫుల్ థ్రాటిల్‌లో ఆ సవరణ వాడుకోని ఈసీయూ అయితే అక్కడ మిశ్రమం నిజంగానే పలచబడుతుంది. బూస్ట్ పెంచిన ఇంజన్‌కు అది ప్రమాదమే. ఏ పెట్రోల్ పోస్తారో ట్యూనర్‌కు ముందే చెప్పండి, పాత మ్యాప్ ఉన్నవాళ్ళు ఒకసారి లాంబ్డా చూపించుకోండి.

లైట్ వెలిగితే కోడ్ చెరపకండి. స్కానర్‌లో ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడిన క్షణంలో ఈసీయూ దాచిన రీడింగులు) ఫొటో తీయండి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఏసీ ఆపి స్లోలో ఒకసారి, 2500 దగ్గర ఒకసారి, రోడ్డు మీద 80 స్పీడులో నిలకడగా పోతున్నప్పుడు ఒకసారి, షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ రెండూ రాసుకోండి. బండి నడిపేవాళ్ళు ఒకరు, ఫోన్ చూసేవాళ్ళు ఇంకొకరు. ఆ ఆరు నంబర్లతో నాకు ఫోన్ చేయండి, ఎటువైపు వెతకాలో అప్పుడే చెప్పగలను.