రూల్స్ అన్నీ ఎత్తేస్తే ఇళ్లు చవకవుతాయా? కొన్ని అపోహలు - వాస్తవాలు

"ఈ బిల్డింగ్ రూల్స్ లేకపోతే ఇంకో అంతస్తు వేసి రెండు కుటుంబాలకు అద్దెకిచ్చేవాణ్ణి కదండీ!" స్ట్రక్చరల్ ఇంజినీరుగా నేను వారానికోసారైనా వినే మాట ఇది. ఇందులో సగం నిజముంది, చిక్కంతా అక్కడే. పూర్తిగా అబద్ధమైతే నవ్వేసి ఊరుకునేవాణ్ణి.

అపోహ: నిబంధనలన్నీ ఒకటే, ఇళ్ల కొరతకు అవే కారణం.

వాస్తవం: నిబంధనలు రెండు రకాలు. ఎన్ని ఇళ్లు కట్టొచ్చో చెప్పేవి కొన్ని: ఎఫ్‌ఎస్‌ఐ (స్థలానికి ఎన్ని రెట్లు మొత్తం అంతస్తుల విస్తీర్ణం ఉండొచ్చనే లెక్క), ఎత్తు పరిమితి, ఇంటికి ఇన్ని పార్కింగులు, ఈ వీధిలో విడి ఇళ్లే ఉండాలనే జోనింగ్. కట్టింది నిలబడాలని, గాలీ వెలుతురూ రావాలని, మంట అంటుకుంటే మనుషులు బయటపడాలని చూసేవి మిగతావి. సెట్‌బ్యాక్, అంటే ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగా, ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఫైరింజన్ తిరగడానికి వదిలే జాగా ప్రాణాల కోసం, వీధి అందంగా కనబడాలని వదిలించేది అభిరుచి కోసం.

మొదటి రకాన్ని ప్రభుత్వం సడలిస్తే ఇళ్లు నిజంగానే పెరుగుతాయి. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ 2016లో నివాస ప్రాంతంలో దాదాపు ముప్పావు వంతు భూమిలో మరిన్ని ఇళ్లు కట్టుకోనిచ్చింది. ఆ తర్వాతి ఏళ్లలో అక్కడ నిర్మాణ అనుమతులు బాగా పెరిగాయి. పార్కింగ్ సంగతే చూడండి. ఒక కారు నిలపడానికి, అది తిరిగే దారితో కలిపితే 25 నుంచి 30 చదరపు మీటర్లు పోతుంది. అంటే ఒక చిన్న ఇల్లంత జాగా! కారు లేనివాడి అద్దెలో కూడా ఆ ఖర్చు కలుస్తుంది. అమెరికాలోని బఫెలో నగరం 2017లో కనీస పార్కింగ్ నిబంధనను ఎత్తేసింది.

రెండో రకాన్ని సడలిస్తే ఏమవుతుందో ఇంగ్లండ్ చూసింది. 2013 నుంచి ఆఫీసు భవనాలను పూర్తిస్థాయి ప్లానింగ్ అనుమతి లేకుండానే ఇళ్లుగా మార్చుకోనిచ్చారు. ఇళ్ల లెక్క పెరిగింది. వాటిలో కొన్ని అగ్గిపెట్టెలంత గదులు, కొన్నింటికి కిటికీ కూడా లేదు. చివరికి 2020లో సహజ వెలుతురు, 2021లో కనీస విస్తీర్ణం తప్పనిసరి చేయాల్సి వచ్చింది.

అపోహ: ముందు కట్టేద్దాం, తర్వాత ఫీజు కడితే రెగ్యులరైజ్ అవుతుంది.

వాస్తవం: జనానికి అన్నిటికంటే ఖరీదుగా పడేది ఈ నమ్మకమే. ఎవరో చెప్పారట, ఎవరికో అయిందట... ఈ 'అట'లు విని విసుగొచ్చేసింది. రెగ్యులరైజేషన్ కాగితాన్ని మారుస్తుంది, ఫూటింగును (స్తంభం కింది పునాదిని) మార్చదు. టర్కీ 2018లో నిబంధనలు మీరిన కట్టడాలకు పెద్ద ఎత్తున క్షమాభిక్ష ఇచ్చింది. యజమాని వివరాలు రాసిచ్చి ఫీజు కడితే చాలు. భవనం భూకంపానికి తట్టుకుంటుందా అన్న బాధ్యత మాత్రం యజమానిదేనని ఆ చట్టంలోనే రాశారు. 2023 ఫిబ్రవరి 6 భూకంపాల్లో ఆ దేశంలో 50 వేల మందికి పైగా చనిపోయారు. కూలినవన్నీ క్షమాభిక్ష పొందినవే అని నేననను. కానీ చేతిలో ఉన్న ఆ కాగితం ఏ కాలమ్‌నూ (స్తంభాన్నీ) బలపరచలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన వచ్చారు. రెండంతస్తులకు డిజైన్ చేసిన ఇంటిమీద మూడోది వేయాలి, కూతురి కుటుంబం పైన ఉంటుంది. "అందరూ వేశారు బాబూ" అన్నారు. నేను కుదరదన్నాను. కోపంగా వెళ్లిపోయి వేరేవాళ్లతో వేయించుకున్నారు. మూడేళ్లకు మళ్లీ వచ్చి, కింది కాలమ్ మీద నిలువుగా వచ్చిన పగుళ్ల ఫోటోలు చూపించారు. అప్పుడాయన చేతులు వణుకుతున్నాయి. అత్యాశ అని ఎలా అనను? ఆయనకు కావాల్సింది బిడ్డకో గూడు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. కొనేవాళ్లకు సబ్సిడీ ఇస్తే చాలనుకుంటారు. కొత్త ఇళ్లు రాని చోట ఆ డబ్బు చాలావరకు ధరలోకే పోతుంది. అద్దెలు పెరగనివ్వకుండా కట్టడి చేస్తే కొరత తీరదు. ఉన్నవాళ్లకు రక్షణే గానీ, కొత్తగా ఇల్లు వెతుక్కునేవాళ్లకు అది ఇల్లు కట్టిపెట్టదు. ఎత్తుగా కడితేనే ఎక్కువ ఇళ్లు అన్నదీ తప్పే. దగ్గరదగ్గరగా కట్టిన నాలుగైదు అంతస్తులు చాలాసార్లు సరిపోతాయి, ఖర్చూ తక్కువ.

ఇప్పటికే అదనపు అంతస్తు వేసుకున్నవాళ్లు నిద్ర మానుకోకండి. అలాంటి ఇళ్లన్నీ కూలిపోవు. పాత స్ట్రక్చరల్ డ్రాయింగ్ ఉందేమో వెతకండి. దొరక్కపోతే ఒకచోట ఫూటింగ్ దాకా తవ్వించి చూడాలి, కాలమ్‌లకు రీబౌండ్ హ్యామర్ టెస్ట్ (పైన తట్టి కాంక్రీటు గట్టితనం చూసేది), అవసరమైతే కోర్ టెస్ట్ (చిన్న ముక్క తొలిచి తీసి బలం చూసేది) చేయించాలి. బలం చాలకపోతే జాకెటింగ్ ఉంది, అంటే పాత కాలమ్ చుట్టూ కొత్తగా ఇనుము, కాంక్రీటు తొడగడం. పెద్దాయన ఇంటికి చేసింది అదే. పని నడిచినన్నాళ్లూ కూతురి కుటుంబం వేరే చోట అద్దెకుంది. ఖర్చు మాత్రం నన్నడక్కండి, ఆయన్నీ అడక్కండి.